మినార్ల కింద మనుషులు
చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది. దాని చుట్టూ సాగే బతుకే రోజురోజుకీ మారిపోతోంది. అందుకే ఫిల్మ్ కెమెరా ముందుగా లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే చేతుల వైపు తిరగాలంటాను. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ గాజు ప్లేట్లలో కట్టడాలతోపాటు మనుషులూ నిలిచారు కాబట్టే నాటి హైదరాబాద్‌ను ఇవాళ ఇంత దగ్గరగా చూడగలుగుతున్నాం. ఫోన్లు వేల బొమ్మలు తీస్తుంటే పాత ఫిల్మ్ కెమెరా ఎందుకన్న ప్రశ్న సబబే. రీలు ఖరీదు, కడిగే ల్యాబులూ అరుదు. అయినా 36 ఫ్రేములే చేతిలో ఉన్నప్పుడు ఏది దాచదగిందో తేల్చుకోక తప్పదు. పైగా నెగటివ్‌ను వెలుతురుకెత్తి పట్టుకుంటే చాలు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకుండా బొమ్మ కనిపిస్తుంది. కాకపోతే వీధి పేరు, తేదీ కవరు మీద రాసిపెట్టాలి. అవి లేని ఫొటో చరిత్రకారుడికి సగమే పనికొస్తుంది.