బాలింత కష్టం ఎవరడుగుతారు?

పోయిన నెల మా వీధిలో మూడు నెలల పాప గుక్కపట్టి ఏడుస్తా ఉంటే తల్లి గోడకానుకొని కూర్చుంది, ఎత్తుకోలేదు. చూసినోళ్లు "ఇదేం తల్లి, రాయి" అన్నారు. నాకు కలుక్కుమంది. నలభై ఏళ్ల కింద ఆ రాయిని నేనే.

మా పెద్దోడు పుట్టినప్పుడు రాయచూరులో ఒక మిల్లులో రీలింగు పని నాది. కాంట్రాక్టు మనిషిని, సెలవు లేదు, జీతం లేదు. రెండో నెలలోనే పనికి పోయినాను. రవికె పాలతో తడిసేది, దాని మీద దూది ధూళి అంటేది. ఇల్లు చేరేసరికి రొమ్ములు గట్టిపడి ఒకటే సలుపు. వాడు ఏడిస్తే ప్రేమ రాలేదు, కోపమొచ్చింది. ఒకరోజు తొడ మీద కొట్టినాను. నాలుగు నెలల బిడ్డ. అయిదు వేళ్లూ తేలినాయి. మా అమ్మ కూడా పత్తి ఏరి వచ్చి నన్నట్లే కొట్టేది.

రెండోవాడప్పుడు మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చి మూడు నెలలుంది. రాత్రి ఒక జాము పిల్లోణ్ణి తనే ఎత్తుకొని "నువ్వు పండుకో బిడ్డా" అనేది. పొద్దున వేడి జొన్నరొట్టె ముందర పెట్టేది. అంతే. చెయ్యి నాదే, కానీ వాడి మీద లేవలేదు. పెద్దోడు ఇప్పటికీ నా ముందర గట్టిగా మాట్లాడడు. మర్యాద అంటారు జనం. అదేందో నాకు తెలుసు.

చట్టం 1961 నుంచే ఉంది, మాకు చెప్పినోళ్లు లేరు. అప్పుడు 12 వారాలు, 2017 నుంచి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు జీతంతో సెలవు. కాంట్రాక్టు అయినా హక్కే, కానుపుకు ముందు ఏడాదిలో 80 రోజులు పని చేసుండాల. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజూ రెండుసార్లు విరామం. అంగన్‌వాడీలో మాతృపూర్ణ భోజనం కూడా బాలింతకే: అన్నం, గుడ్డు, పాలు.

అన్నంతోనే అన్నీ తీరవు. బెంగళూరు నిమ్హాన్స్‌లో మనసు బాగలేని బాలింతను బిడ్డతో సహా ఉంచుకొని వైద్యం చేసే వార్డుంది. అంటే ఇది జబ్బు, పొగరు కాదు. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ సాయంత్రం ఆ పిల్ల దగ్గరికి పోయి, పాప సంగతి ఎత్తకుండా "నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అన్నాను. "ఎత్తుకుంటే కొడతానేమోనని భయం పెద్దమ్మా" అంది. పాపను నేను తీసుకున్నాను. రాత్రి షిఫ్టు కూత దాకా ఆమె కదలకుండా నిద్రపోయింది. తెల్లారి ఇద్దరం కలిసి 14416కు ఫోన్ చేసినాం.

ఆ దెబ్బ సంగతి నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకం మా పెద్దోడింటికీ పోతుంది. చదువుతాడు.