పెట్టుబడి తక్కువ, బతుకు ఎక్కువ

శుక్రవారం వచ్చిందంటే కొత్త సినిమా. కటౌట్లకు పాలాభిషేకాలు, సోమవారం కల్లా వసూళ్ల లెక్కలు. ఏ సినిమా ఎన్ని కోట్లు తెచ్చిందో చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డ పిలగాడు కూడా గడగడా చెప్పేస్తాడు. ఆ సినిమాలో ఎవరి బతుకు ఉన్నదని అడిగితే మాత్రం జవాబు ఉండదు. కోట్లు పెట్టినవాడు కోట్లు రావాలని చూస్తాడు. అది వ్యాపారం. దాన్ని తిట్టి లాభం లేదు. కానీ సినిమా అంటే అదొక్కటే అనుకుంటే నష్టపోయేది మనమే.

అందుకే ఈ వారం మాకు ఇష్టమైన కొన్ని సినిమాల గురించి చెప్పదలుచుకున్నాం. ఇందులో ఎక్కువ భాగం పరాయి దేశాలవి, తక్కువ పైసలతో తీసినవి. వీటిని చూసేటప్పుడు మూడు ప్రశ్నలు మనసులో పెట్టుకోండి. తెర మీది ముఖం ఎవరిది? మాట్లాడే యాస ఎవరిది? ఖర్చు పెట్టిన పైసలు ఎవరివి?

సైకిల్ పోగొట్టుకున్న మనిషి

మొదట చూడవలసింది ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్'. 1948లో విట్టోరియో డి సికా తీశాడు. యుద్ధం ముగిసి మూడేళ్లయింది. రోమ్ నగరంలో పని దొరకడమే గగనం. ఒక మనిషికి గోడలకు పోస్టర్లు అంటించే కొలువు దొరుకుతుంది. కొలువు కావాలంటే సైకిల్ ఉండాలి. అది కుదువలో ఉన్నది. ఇల్లాలు ఇంట్లోని దుప్పట్లు కుదువ పెట్టి సైకిల్ విడిపిస్తుంది. పనిలో చేరిన మొదటిరోజే దాన్ని ఎవడో ఎత్తుకుపోతాడు. తండ్రీ కొడుకులు ఊరంతా తిరుగుతారు. కథ ఇంతే. చివరికి ఆ తండ్రి ఏం చేస్తాడో చెప్పం, మీరే చూడాలి. దొంగ ఎవరు, దొంగను తయారుచేసింది ఎవరు అన్న ప్రశ్న ఆ రాత్రి మిమ్మల్ని నిద్రపోనివ్వదు.

తండ్రిగా వేసినాయన నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. క్యారీ గ్రాంట్‌ను హీరోగా పెట్టుకుంటే పైసలు ఇస్తానని హాలీవుడ్ నిర్మాత ఒకడు ముందుకొచ్చాడు. డి సికా ఒప్పుకోలేదు. ఆ ఒక్క 'కాదు' లేకపోతే మనకు ఆ సినిమా లేదు.

1950లో లండన్‌లో ఈ సినిమా చూసిన ఒక బెంగాలీ యువకుడు తానూ ఇలాగే తీయాలనుకున్నాడు. ఆయన సత్యజిత్ రే. భార్య నగలు కుదువ పెట్టి మొదలుపెట్టాడు, పైసలు అయిపోతే నెలల తరబడి ఆపేశాడు, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సాయంతో పూర్తిచేశాడు. 1955లో వచ్చిన ఆ 'పథేర్ పాంచాలి' బెంగాల్ పల్లెను ప్రపంచానికి చూపింది.

సమ్మె ఇంట్లోకి వచ్చినప్పుడు

ఉద్యోగులు, కార్మికులు తప్పకుండా చూడవలసింది 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్'. 1954 నాటి అమెరికా సినిమా. న్యూ మెక్సికోలో జింక్ గని కార్మికులు చేసిన నిజమైన సమ్మె దీనికి ఆధారం. మెక్సికన్ మూలాలున్న కార్మికులు తెల్ల కార్మికులతో సమానమైన రక్షణ అడుగుతారు. ఆడవాళ్లు ఇంటికి నల్లా, వేడినీళ్లు కూడా అడగమంటారు. మగవాళ్లు అది తర్వాత చూద్దామంటారు. ఇంతలో గని కార్మికులు గేటు ముందు నిలబడకూడదని కోర్టు ఉత్తర్వు వస్తుంది. ఉత్తర్వు కార్మికులకే గదా, మేం నిలబడతామని వాళ్ల ఇండ్ల ఆడవాళ్లు ముందుకొస్తారు. వాళ్లు గేటు దగ్గర, మగవాళ్లు బట్టల బకెట్ దగ్గర. అప్పుడు తెలుస్తుంది నాయకుడికి, వేడినీళ్ల డిమాండు ఎందుకు ముఖ్యమో!

2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మెలో ఉన్నవాళ్లకు ఈ సినిమా వేరేగా కనిపిస్తుంది. జీతం రాని నెలలో పొయ్యి ఎట్లా వెలిగిందో ఎవరిని అడగాలి? వేదిక మీద మాట్లాడినవాళ్లను కాదు. మన సమ్మెల చరిత్రలో ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉన్నది.

ఈ సినిమా తీసిన కథ కూడా ఒక కొట్లాటే. దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మన్ కమ్యూనిస్టు ముద్రతో జైలుకు పోయి వచ్చినవాడు. హాలీవుడ్ ఆయనకు తలుపులు మూసింది. హీరోగా వేసింది ఆ యూనియన్ నాయకుడే. హీరోయిన్ రొసౌరా రెవుల్టాస్‌ను షూటింగ్ ముగియకముందే అరెస్టు చేశారు, ఆమె మెక్సికోకు తిరిగి పోవలసి వచ్చింది. ఫిల్ము కడగడానికి ల్యాబులు ఒప్పుకోలేదు. ఆడించడానికి ఆపరేటర్లు ఒప్పుకోలేదు. అప్పట్లో అమెరికాలో పట్టుమని పదిహేను థియేటర్లలో కూడా ఆడలేదు. అదే సినిమాను 1992లో కాపాడుకోవలసిన జాతీయ సంపద జాబితాలోకి ఎక్కించారు. తొక్కిపెట్టినవాళ్ల పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు.

రెండు దిక్కులా శవాలే

ఉద్యమాల మీద వచ్చిన సినిమాల్లో మేం ముందు వరుసలో పెట్టేది 'బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్'. ఫ్రెంచి పాలన మీద అల్జీరియా చేసిన పోరాటం. 1962లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, 1966లో ఇటలీ దర్శకుడు జిల్లో పోంటెకోర్వో ఈ సినిమా తీశాడు. పోరాడిన గల్లీల్లోనే షూటింగ్. పోరాట నాయకుల్లో ఒకడైన సాదీ యాసెఫ్ తెర మీద కూడా నాయకుడిగానే కనిపిస్తాడు. ఫ్రెంచి కల్నల్‌గా వేసినాయన తప్ప ముఖ్య పాత్రల్లో పేరున్న నటులు లేరు. చూస్తుంటే వార్తా చిత్రం చూస్తున్నట్టే ఉంటుంది గానీ, అందులో ఒక్క ముక్క కూడా వార్తా చిత్రాల నుంచి తీసుకున్నది కాదు.

ఈ సినిమా గొప్పతనం ఎక్కడున్నది? తన పక్షం ఏదో దాచుకోదు. అయినా పోరాడేవాళ్లకు భజన చేయదు. బాంబు పెట్టబోతున్న హోటల్లో కూర్చున్నవాళ్ల ముఖాలను కెమెరా ఒక్కొక్కటిగా చూపిస్తుంది. ఐస్‌క్రీం తింటున్న చిన్న పిల్లవాడి ముఖం కూడా అందులో ఉన్నది. సైన్యం పెట్టిన చిత్రహింసలనూ దాచదు. రెండు దిక్కులా శవాలే. మనల్ని పొగిడే సినిమా రెండు రోజుల్లో మరుపున పడుతుంది. మన పక్షాన నిలబడి మనల్నే ప్రశ్న అడిగే సినిమా ఏండ్ల తరబడి వెంటాడుతుంది. ఫ్రాన్సు దీన్ని కొన్నేళ్లపాటు తన గడ్డ మీద ఆడనివ్వలేదు. 2003లో అమెరికా సైన్యం పెద్దలు ఇరాక్ గొడవలో చిక్కుకున్నాక ఇదే సినిమాను తమ అధికారులకు వేసి చూపించుకున్నారు. పాలించేవాళ్లు కూడా శ్రద్ధగా చూస్తున్న సినిమాను మనం చూడకపోతే ఎట్లా?

ఒక జత బూట్లు

పిల్లలతో కలిసి చూడాలంటే ఇరాన్ సినిమా 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'. మాజిద్ మాజిదీ 1997లో తీశాడు. చెల్లె బూట్లు అన్న చేతిలో పోతాయి. నాయినకు చెబితే కొత్తవి కొనే తాకతు లేదని ఇద్దరికీ తెలుసు. పొద్దటి బడికి చెల్లె వేసుకుపోతుంది, ఉరుక్కుంటూ వచ్చి విప్పి ఇస్తే పగటి బడికి అన్న ఉరుకుతాడు. ఒకే జత. పరుగు పందెంలో మూడో బహుమతి బూట్లని తెలిసి, మూడోవాడిగా రావాలని అన్న పందెంలో దిగుతాడు. మొదటివాడిగా వచ్చి ఏడుస్తాడు! ఈ సినిమాలో విలన్ లేడు. పేదరికం ఒక్కటే ఉన్నది.

ఈ సినిమాకు పైసలు పెట్టింది పిల్లల కోసం నడిచే ప్రభుత్వ సంస్థ. సర్కారు సొమ్ముతో మంచి సినిమా రాదనేవాళ్లు రేనూ, మాజిదీనీ గుర్తు పెట్టుకోవాలి. అయితే అదే ఇరాన్‌లో జాఫర్ పనాహీకి 2010లో జైలు శిక్షతో పాటు సినిమాలు తీయొద్దని 20 ఏండ్ల నిషేధం వేశారు. 2011లో ఆయన తన ఇంట్లోనే కూర్చుని ఒకటి తీసి దేశం దాటించాడు. దాని పేరే 'దిస్ ఈజ్ నాట్ ఎ ఫిల్మ్', అంటే ఇది సినిమా కాదు! 2025లో కాన్ ఉత్సవంలో అతి పెద్ద బహుమతి ఆయన సినిమాకే వచ్చింది.

మన గడప దగ్గర

మన దగ్గర లేవా? ఉన్నాయి. 1979 నాటి 'మా భూమి' తెలంగాణ సాయుధ పోరాటాన్ని తెర మీదికి తెచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు, దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. 1988లో నర్సింగరావే తీసిన 'దాసి' గడీలో నలిగిన ఆడమనిషి గోస. మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమతితో కలిపి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఈ రెండూ చూడనివాళ్లు పరాయి సినిమాలకన్నా ముందు వీటిని చూడండి. 2018లో వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'లో విశాఖ గల్లీ మనుషులే నటులు. డి సికా దారి అక్కడిదాకా వచ్చింది. మంచి సినిమా ఏ ప్రాంతందైనా మనదే.

మన యాస దశాబ్దాల పాటు తెర మీద రౌడీలకూ నవ్వించేవాళ్లకూ మాత్రమే దక్కింది. 2014 తర్వాత రోజులు మారాయి. ఇప్పుడు ఆ యాసకు గిరాకీ ఉన్నది, హీరోలే పలుకుతున్నారు. సంతోషమే. కానీ గిరాకీ ఉన్న చోటికి వ్యాపారి రావడం సహజం. యాస మనదై, కథ మనది కాకపోతే అది కూడా వేషమే. అందుకే ఆ మూడు ప్రశ్నలు మరిచిపోవద్దంటున్నాం.

చూడటం ఎట్లా అంటారా? ఒకప్పుడు ఫిలిం సొసైటీ వాళ్లు రీళ్ల పెట్టెలు మోసుకొచ్చి చూపించేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. అయినా ఒంటరిగా చూడకండి. హాస్టల్లో, యూనియన్ ఆఫీసులో, ఊరి గ్రంథాలయంలో ఒక ప్రొజెక్టర్, ఒక తెల్ల దుప్పటి ఉంటే చాలు. సబ్‌టైటిల్స్ చదవలేని పెద్దవాళ్ల పక్కన ఒక విద్యార్థి కూర్చుని తెలుగులో చెప్పాలి. సినిమా అయిపోగానే లేచిపోవద్దు, అరగంట మాట్లాడుకోవాలి. నెలకు ఒక్కటి చాలు.

ఏడాదికి పన్నెండు. ఆ పన్నెండు చూసినవాళ్లలో ఒక్కరైనా తమ ఊరి మనుషులతో, తమ ఊరి మాటతో పదమూడోది తీస్తారని మా ఆశ.