కోరి తెచ్చిన కీడు

విజయవాడయొద్ద కృష్ణానదినుండి బయలుదేరిన ఏలూరు కాలువ గన్నవరము ప్రక్కగా సాగిపోవును. కాలువలో నీటివేగము తగ్గినచోట గుర్రపుడెక్క దట్టముగ అల్లుకొనును. పచ్చని ఆకులపై ఊదారంగు పూలగుత్తులు నిలిచియుండును. బాటసారి దానిని చూచి ముచ్చటపడును. రైతు చూచి నిట్టూర్చును. ఏలయన, డెక్క అడ్డుపడిన కాలువలో నీరు మందగించి చివరి పొలములకు సకాలమున అందదు. నీటిలోనికి వెలుతురు దిగదు, ప్రాణవాయువు తగ్గి చేపలు నశించును, దోమలు పెరుగును.

ఈ మొక్క ఈ దేశపుది కాదు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతము. పూల సొగసుకు మురిసి పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున దీనిని వంగదేశమునకు తెచ్చిరి. అది తోటలలోని కొలనులు దాటి నదులలో వ్యాపించెను. దాని నిర్మూలనమునకై వంగదేశమున 1936లో ప్రత్యేక శాసనమే చేయవలసివచ్చెను. పుట్టినచోట దానిని తిని అదుపులో నుంచు పురుగులు కలవు. మొక్కను తెచ్చినవారు ఆ పురుగులను తేలేదు. శత్రువు లేని రాజ్యమున దానికి ఎదురేమున్నది?

ఇట్టి కీడు ద్వీపములలో మరింత దారుణముగ నుండును. ద్వీపమునకు చుట్టును సముద్రమే కోటగోడ. అందలి ప్రాణులు వేలయేండ్లుగా క్రొత్త శత్రువు నెరుగక పెరిగినవి. ముప్పు వచ్చినచో పారిపోవుటకు తావును లేదు. తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన అండమాను దీవులనే చూడుడు. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో ఆంగ్లేయులు చుక్కల దుప్పులను అచటికి కొనిపోయి విడిచిరి. నల్లమలలో దుప్పిని పెద్దపులి వేటాడును. అండమానులో పులియు లేదు, చిరుతయు లేదు. దుప్పులు విస్తరించి లేతమొక్కలను మేసివేయగా, అడవి తిరిగి ఎదుగుటయే కష్టమైనది. పసిఫిక్ మహాసముద్రమందలి గువాము దీవికి రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఒక గోధుమవన్నె చెట్టుపాము సరకులలో దాగి చేరెను. కొన్ని దశాబ్దములలో ఆ దీవియందలి 12 అడవిపక్షి జాతులలో 10 అచట కనుమరుగయ్యెను.

అట్లని పరదేశమునుండి వచ్చినదంతయు చెడ్డదనుట అవివేకము. మిరప అమెరికానుండి వచ్చినదే. అది లేనిదే ఆంధ్రునికి ముద్ద దిగదు. కాని మిరప పొలము గట్టు దాటి అడవుల నాక్రమింపలేదు. తప్పు మొక్కది కాదు, మృగముది కాదు. ముందువెనుకలు చూడక తెచ్చిన మానవునిది. గుర్రపుడెక్కను తిను ముక్కుపురుగును సైతము, పంటలకు హాని చేయదని పరీక్షించిన పిమ్మటనే భారతీయ శాస్త్రజ్ఞులు 1980 దశకమున నీటిలో విడిచిరి. క్రొత్త ప్రాణిని తేవలసిన పద్ధతి అది. ఆ జాగ్రత్త మొదటనే యుండినచో నేడు కాలువలలో డెక్క తీయు పని యుండెడిది కాదు.

ఇంట గాజుతొట్టిలో పెంచిన విదేశపు చేప పెద్దదైనదని దానిని కాలువలో విడుచుట దయగానే తోచును. ఆ పని చేయబోవు చేయి ఒక్క క్షణము ఆగవలెను. తెచ్చి విడుచుట ఒకనాటి పని. తిరిగి తొలగించుట తరతరముల పని.