మంచాన పడ్డాకే పదిహేను వేలు

మెదడు నరంలో రక్తం గడ్డకట్టి కాలూ చెయ్యీ పడిపోయిన కూలీ కొద్ది రోజులకే ఆసుపత్రి నుంచి మాలపల్లెకో మాదిగవాడకో తిరిగొస్తాడు. ‘ఇంట్లో వ్యాయామం చేయించండి’ అంటారు. చేయించేదెవరు? కలుపుకు పోకపోతే పూట గడవని భార్య.

ఈ సలహాను మన దేశంలోనే పరీక్షించారు. 14 ఆసుపత్రులు, 1,250 మంది రోగులతో సాగిన ‘అటెండ్’ అధ్యయనం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంటివాళ్లకు శిక్షణనిచ్చి చేయించినా మరణాలు గానీ, ఇతరులపై ఆధారపడటం గానీ తగ్గలేదు. తప్పు ఆ భార్యది కాదు, నిపుణుల పని ఆమె నెత్తిన పెట్టినవాళ్లది.

ఏదో ఒక్క పద్ధతే గొప్పదనీ కాదు. నిలబడటం, నడక, గ్లాసు పట్టుకోవడం వంటి పనుల సాధన, కండరాల బలం రోగిని బట్టి కలిపి చేయించాలి. రోజుకు 30 నుంచి 60 నిమిషాలు, వారానికి 5 నుంచి 7 రోజులు చేస్తే మేలని 2014 నాటి కోక్రేన్ సమీక్ష. అలాగని తొందరా పనికిరాదు. మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువగా కదిలించినవాళ్లు కోలుకోవడం తగ్గిందని 2015లో ‘అవర్ట్’ చూపింది. ఎప్పుడు, ఎంత, దేనితో ఏది కలపాలో తెలిసిన మనిషి ఉండేది పట్నంలో. ఫీజు సరే, ఆటో కిరాయి, తోడొచ్చినవాళ్లు పోగొట్టుకునే కూలీ ఎవరి లెక్కలోకీ రావు.

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను. ఇవ్వాల్సిందే, పైసా తగ్గకూడదు. కానీ అదే సొమ్ముతో మొదటి మూడు నెలలు ఫిజియోథెరపిస్టును వాడకే పంపితే ఎంతమంది మంచం దిగుతారో ప్రభుత్వం లెక్క తీయాలి.