చెక్క లేదు, తీగ లేదు, వెల మాత్రం నలభై వేలు!

పిల్లలూ,

ఈ నెల ఉత్తరం రుద్రంపూర్ నుంచి వచ్చింది. రాసినవాడు పదో తరగతి కుర్రవాడు. వాళ్ళ నాన్నగారు సింగరేణి గనిలో పనిచేస్తారు. కంపెనీ కార్మికులకిచ్చే లాభాల వాటా చేతికి రాగానే, అందులోనుంచి తనకొక సాఫ్ట్‌వేర్ సింథసైజరు కొనిపెట్టమని అబ్బాయి అడిగాడు. అతను కోరింది ఆమ్నిస్ఫియర్ అనే రకం. దాని వెల సుమారు ఐదువందల డాలర్లు, అంటే మన లెక్కలో నలభై వేల రూపాయల పైమాట. "చెక్కా లేదు, తీగా లేదు, తోలూ లేదు. దేనికిరా అంత డబ్బు?" అన్నారట నాన్నగారు. అప్పటినుంచి ఇద్దరికీ సరిగా మాటలు లేవట. న్యాయం నన్ను చెప్పమన్నాడు.

నాన్నగారి ప్రశ్న చాలా మంచిది. దానికి జవాబు తెలియకుండా డబ్బు అడగడం భావ్యం కాదు. కనుక ముందు ఆ జవాబు చూద్దాం.

బొబ్బిలి వీణ తీసుకోండి. పనసదుంగను తొలిచి చేస్తారు. దాని తీగ ఒకటి సెకనుకు 240 సార్లు కంపిస్తున్నదనుకోండి. ఆ తీగలోనే 480, 720, 960 సార్లు కంపించే సన్నని స్వరాలు కూడా దాగి ఉంటాయి. వీటిని అనుస్వరాలు అంటారు. వయొలిన్ మీద అదే స్వరం పలికించినా ఈ అనుస్వరాలు ఉంటాయి. కాని వాటి పాళ్ళు వేరు. పప్పులో ఉప్పూ కారమూ పాళ్ళు మారితే రుచి మారినట్టే. కళ్ళు మూసుకున్నా ఇది వీణ, ఇది వయొలిన్ అని మీరు చెప్పగలగడానికి ఇదొక ముఖ్య కారణం. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ఈ సంగతిని పెద్ద గ్రంథంగా రాశాడు. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న మన సి.వి. రామన్ గారు 1920లో మృదంగం సంగతి తేల్చారు. మామూలు తోలువాద్యంలో పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి లెక్కకు కుదరవు. మృదంగం కుడి మూత మధ్యనున్న నల్లని మచ్చ బరువువల్ల అవి వీణతీగ స్వరాల్లాగా లెక్కలో పడతాయి. ఆ మచ్చ వేసే పనివాళ్ళు ఏ కాలేజీలోనూ ధ్వనిశాస్త్రం చదవలేదు సుమా!

పాళ్ళు తెలిస్తే రుచి తయారుచేయవచ్చు గదా? సింథసైజరు చేసే పని అదే. 1964లో అమెరికాలో రాబర్ట్ మోగ్ విద్యుత్తుతో స్వరాలు పుట్టించి, వాటిని కావలసినట్టు మలిచే యంత్రం చేశాడు. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ అనే ఆయన మరొక కిటుకు కనిపెట్టాడు: ఒక కంపనాన్ని మరొక కంపనంతో వేగంగా ఊపితే బోలెడు అనుస్వరాలు వాటంతటవే పుట్టుకొస్తాయి. ఈ కిటుకుతోనే యమహా కంపెనీ 1983లో డీఎక్స్7 అనే వాద్యాన్ని అమ్మింది. అప్పట్లో దాని వెల రెండువేల డాలర్లకు దగ్గర. తరవాత 1997లో డేవ్ స్మిత్ బృందం రియాలిటీ అనే ప్రోగ్రామును తెచ్చింది. దానికి వేరే యంత్రమే అక్కరలేదు. మామూలు కంప్యూటరే సింథసైజరు అయిపోయింది. యంత్రం పోయి లెక్క మిగిలిందన్నమాట.

ఆ లెక్క ఎంతో తెలుసా? సెకనుకు 44,100 అంకెలు! మన చెవి సెకనుకు ఇరవైవేల కంపనాల దాకా వింటుంది. దాన్ని సరిగా రాసిపెట్టాలంటే అంతకు రెట్టింపుకన్నా ఎక్కువ అంకెలు కావాలి. మీరు ఒక మీట నొక్కగానే కంప్యూటరు ఈ అంకెలను గుణించి, కూడి, స్పీకరుకు పంపుతుంది.

మరి డబ్బు దేనికి? కొంత ఈ లెక్క కట్టినవాళ్ళ కష్టానికి. మరి కొంత ఇంకొక పనికి. అది మీకు డప్పుతో చెబుతాను. డప్పు మీద ఒక్క దెబ్బ కొట్టి రికార్డు చేసి, మీట నొక్కినప్పుడల్లా దాన్నే వినిపిస్తే ఏమవుతుంది? నాలుగు దెబ్బలు వినేసరికి ఇది మనిషి కొట్టింది కాదని చిన్న పిల్లవాడు కూడా చెప్పేస్తాడు. మనిషి చెయ్యి ఒకే దెబ్బను రెండుసార్లు కొట్టలేదు. అందుచేత మంచి ప్రోగ్రాములు చేసేవాళ్ళు మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా, ప్రతి బలానికీ ఎన్నో దెబ్బలు విడివిడిగా రికార్డు చేస్తారు. వాద్యాలు వందలుంటే ఈ పనికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి నాన్నగారూ, ఆ నలభై వేలు గాలికి పెట్టిన వెల కాదు.

అలాగని కొనమంటున్నానా? లేదు. ఈ అబ్బాయికి ఇప్పుడు వద్దనే నా అభిప్రాయం.

పెళ్ళిళ్ళకు, పాటల రికార్డింగులకు వాయించి సంపాదించేవాడి లెక్క వేరు. ఆ ప్రోగ్రాముతో వంద పాటలు చేస్తే పాటకు నాలుగువందల చిల్లర పడుతుంది. గంట వెతికితే దొరికే నాదం అతనికి నిమిషంలో దొరుకుతుంది. ఆ గంట అతనికి డబ్బు. నేర్చుకునేవాడికి ఆ గంటే చదువు! దాన్ని డబ్బిచ్చి పోగొట్టుకోవడమెందుకు? పైగా నేర్చుకోవడానికి కావలసినవి ఉచితంగానే ఉన్నాయి. ఒకప్పుడు రెండువేల డాలర్లు పలికిన డీఎక్స్7 పద్ధతిని డెక్స్‌డ్ అనే ప్రోగ్రాము ఉచితంగా చేసిపెడుతుంది. సర్జ్ అనే ప్రోగ్రామును దాని కర్త 2018లో అందరికీ వదిలేశాడు; అది ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. 2020లో వచ్చిన వైటల్‌కు కూడా ఒక ఉచిత రూపం ఉంది.

నాన్నగారు ఇంకొక సంగతి కూడా అడగాలి: ఇంట్లో కంప్యూటరు ఎలాంటిది? కంప్యూటరు అంకెలను ఒక్కొక్కటిగా పంపదు, మోపులు కట్టి పంపుతుంది. మోపుకు 512 అంకెలైతే సెకనులో సుమారు నూరో వంతు ఆలస్యం. ధ్వని ఆ కాలంలో నాలుగు మీటర్లు పోతుంది. అంటే వాద్యం నాలుగు మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఇబ్బంది లేదు. కంప్యూటరు ముసలిదై, మోపుకు 2,048 అంకెలు కట్టవలసి వస్తే వాద్యం పదహారు మీటర్ల దూరానికి వెళ్ళిపోతుంది. మీ వేలు ఇక్కడ, స్వరం వీధి చివర! అప్పుడు నలభై వేలు కాస్తా లక్ష అవుతుంది. హార్మోనియం ఐతే తాత నుంచి మనవడికి వస్తుంది, అవసరమైతే అమ్ముకోవచ్చు. ఈ ప్రోగ్రాములను కొన్ని కంపెనీలు మరొకరికి అమ్మనివ్వవు. కొన్ని నెలనెలా అద్దె కట్టినంతకాలమే పలుకుతాయి.

దొంగ కాపీలు దొరుకుతాయని ఎవరో స్నేహితుడు చెప్పాడట. వద్దు. ఏళ్ళ తరబడి పనిచేసినవాడి కూలి ఎగ్గొట్టడం అది. గని కార్మికుడి ఇంట్లో ఈ మాట నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది చెబుతాను. ఖరీదైన ప్రోగ్రాముల్లో పియానోలు, వయొలిన్లు కొల్లలు. మన అడవి డోలుకు వాటిలో అంత చోటు ఎవరూ ఇవ్వలేదు. అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని కోయవారు ఆడేటప్పుడు మోగే డోళ్ళను భద్రాచలం చుట్టుపక్కల పిల్లలు చూసే ఉంటారు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు కంచుమేళం, కంచుతాళం కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథలు పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఆయన చేతి దెబ్బను ఇక ఏ వెల పెట్టినా కొత్తగా రికార్డు చేయలేము. వాయించేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఊళ్ళు రుద్రంపూర్‌కు బస్సు దూరంలోనే ఉన్నాయి.

కాబట్టి బాబూ, దసరా సెలవుల్లో ఇలా చెయ్యి. ఎల్ఎంఎంఎస్ అనే ఉచిత ప్రోగ్రాము కంప్యూటరులో పెట్టుకో. మనం రికార్డు చేసిన ఏ చప్పుడునైనా అందులో మీటలకు కట్టి, హెచ్చు తగ్గు స్థాయిల్లో వాయించవచ్చు. మొదట మీ వాడలో డప్పు వాయించే పెద్దాయన దగ్గరికి వెళ్ళు. ఎందుకో చెప్పి, రికార్డు చేసుకోవచ్చునా అని అడుగు. ఒప్పుకుంటే ఆయన పొద్దుకు తగిన ప్రతిఫలం నాన్నగారిచేత ఇప్పించు. పాట చేస్తే ఆయన పేరు వెయ్యి. ఫోను మూరెడు దూరంలో పెట్టు, ఫ్యాను ఆపు. మెల్లగా పది దెబ్బలు, మధ్యరకంగా పది, గట్టిగా పది కొట్టమను. ప్రతి దెబ్బ మోత పూర్తిగా అణిగేదాకా ఆగాలి. ఆ ఉచిత ప్రోగ్రాములతో చేయలేకపోయిన పనులు ఏమైనా ఉంటే ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పో. వచ్చే దసరాకు ఆ పుస్తకం నిండితే పంపు, మీ నాన్నగారికి నేనే ఉత్తరం రాస్తాను.

రికార్డు చేసే ముందు డప్పును మంట దగ్గర కాచడం మరవవద్దు. సాయంత్రం తేమకు తోలు తొందరగా సడలి స్థాయి దిగిపోతుంది. పదో దెబ్బ మొదటి దెబ్బకన్నా కిందికి వినిపిస్తే ఆపి, మళ్ళీ కాచి, మొదటినుంచి కొట్టమనాలి.