పేరు చూచి పంపుట

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము మొదలుకొని బిలాస్‌పూరు రైల్వే కాలనీలలో కాపురముండి, లోకో షెడ్డులోను, యార్డులోను, గ్యాంగు పనిలోను ఆయుర్దాయమును వెచ్చించిన తెలుగువారు, అందు ముఖ్యముగా శ్రీకాకుళ విజయనగర ప్రాంతములవారు, జీతము చేతికందగనే స్వగ్రామమునందలి వృద్ధులకు కొంత సొమ్ము పంపుట ప్రథమ ధర్మముగా నెంచినవారు. ఆ సొమ్ము ఒకప్పుడు మనియార్డరు రూపమున పోయెడిది. 1880లో తపాలాశాఖ ప్రారంభించిన ఆ పద్ధతిలో చిరునామా ఎంత అస్పష్టముగా నున్నను, ఊరివారి నందరిని ముఖపరిచయముచే నెరిగిన పోస్టుమాను, ఇంటిపేరడిగి, సంతకమో వేలిముద్రయో గైకొన్న పిమ్మటనే రూకలు లెక్కించి చేతిలో పెట్టెడివాడు.

నేడు సొమ్మునకును గ్రహీతకును నడుమ అట్టి మనుష్యుడు లేడు. భారతీయ రిజర్వు బ్యాంకు 2010 అక్టోబరు 14వ తేదీన జారీచేసిన ఉత్తరువులో, పంపు సందేశమునందు గ్రహీత పేరు తప్పక ఉండవలెనని విధించియు, జమకట్టుటకు మాత్రము ఖాతా సంఖ్య యొక్కటియే ఆధారమనియు, దానిని సరిగా ఇచ్చు బాధ్యత పంపువానిదే యనియు నిర్ణయించెను. లేని సంఖ్య వ్రాసిన సొమ్ము తిరిగివచ్చును. ఒక అంకె తారుమారై, ఆ సంఖ్య పరుల ఖాతాదైనచో సొమ్ము వారికే చేరును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 72వ సెక్షను, పొరపాటున తనకు చేరిన ధనమును గ్రహీత తిరిగి ఈయవలెనని స్పష్టముగా చెప్పుచున్నది. కాని ఎన్నడును చూడని ఊరిలోని ముఖమెరుగని మనుష్యునిపై వ్యాజ్యము వేసి, వాయిదాలకు తిరుగగల శక్తి పెన్షనుపై బ్రతుకు రిటైర్డు ఫిట్టరునకు ఎక్కడిది? పేరును వ్రాయించుకొని దానిని సరిచూడకుండుట సామాన్యునికి జరిగిన అన్యాయమని నా దృఢాభిప్రాయము.

ఈ లోపము కొంత తీరినది. యూపీఐ, ఐఎంపీఎస్‌లలో ముందునుండియు ఉన్న రీతిగనే, నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలోను సొమ్ము పంపుటకు ముందే ఖాతాదారుని పేరు చూపు సౌకర్యమును 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పింపవలెనని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరు 30న బ్యాంకులను ఆదేశించెను. ఇందుకు రుసుము లేదు. సెల్‌ఫోనులో పంపువారికే గాక, బ్రాంచికి పోయి కాగితము నింపువారికిని ఇది వర్తించును. బ్రిటనులో పెద్ద బ్యాంకులు 2020లోనే ఇట్టి ఏర్పాటు చేసినవి. మనము ఆలస్యముగా మేల్కొంటిమి. బిలాస్‌పూరు బుధవారీ బజారునకు వచ్చిపోవు మన పెద్దలు కౌంటరు వద్ద, “బాబూ, ఈ నంబరు ఎవరి పేరున ఉన్నదో చూచి చెప్పుము” అని నిస్సంకోచముగా అడుగవలెను. అది యాచన గాదు, హక్కు.

అయినను ఉత్తరాంధ్రులకొక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఒక్క గ్రామములోనే అప్పలనాయుళ్లు, అప్పలనరసమ్మలు, సూర్యనారాయణలు ఎందరో ఉందురు. బ్యాంకు పుస్తకములో ఇంటిపేరు ఒక్క అక్షరముగా కుదించుకొనిపోవును. కావున తెరపై కనబడిన పేరు సరియైనట్లు తోచినను, గ్రహీతకే ఫోను చేసి, పాస్‌బుక్కు చేతబట్టించి, అంకెలు ఒక్కొక్కటిగా చదివించుకొనుట ఉత్తమము. తొలిసారి పంపునప్పుడు ఒక్క రూపాయి వేసి, చేరినదని వారి నోట విని, తరువాత మిగిలినది పంపవచ్చును. ఖాతా మారినదని మెసేజి వచ్చినచో దానికి బదులీయక, మనకు పూర్వమే తెలిసిన నంబరునకు మాటాడి నిర్ధారించుకొనవలెను. ఇట్టి మెసేజీల వెనుక మోసగాండ్రుందురు. మోసపోయితిమని తెలిసిన క్షణముననే సైబరు మోసముల సహాయ సంఖ్యయగు 1930కు ఫోను చేయవలెను.

పాత పాస్‌బుక్కుల విషయములోను మెలకువ అవసరము. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైన పిమ్మట దాని శాఖల ఐఎఫ్‌ఎస్‌సీ కోడులు మారినవి. ట్రంకుపెట్టెలో దాచిన పుస్తకముపైని కోడు నేడు చెల్లదు.

బ్యాంకులవారికి నా విన్నపము ఒక్కటే: సొమ్ము పంపుటకు ముందు చూపు ఖాతాదారుని పేరును ఇంటిపేరుతో సహా సంపూర్ణముగా, పంపువాడు కోరిన లిపిలో చూపుడు, పేరు చదివితినని అతడు అంగీకరించువరకు మీట పనిచేయకుండునట్లు నియమింపుడు.