ఆదివారపు బడి

కోనసీమలో ఆదివారం పొద్దున్న తొమ్మిది గంటలకు కాలువగట్టు మీద నడిస్తే రెండు రకాల పిల్లలు ఎదురవుతారు. కొందరు వీపున బరువైన సంచీతో, మెడలో ఐడీ కార్డుతో పసుపుపచ్చ స్కూలు వ్యాను కోసం నిలబడి ఉంటారు. ఆదివారమైనా వాళ్లకు స్పెషల్ క్లాసు తప్పదు. ఇంకొందరు తలకు నూనె రాసి, పాపిడి తీసి, ముఖాన తెల్లగా పౌడరు కనబడేలా తయారై, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బైబిలు చంకన పెట్టుకుని చర్చి వైపు వెళుతుంటారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఏ వైపు వెళ్లినా ఇదే దృశ్యం. కాకపోతే ఒకప్పుడు రెండో గుంపు పెద్దది. ఇప్పుడు మొదటి గుంపు పెద్దదవుతోంది. ఒక్కోచోట రెండో గుంపులో నలుగురే మిగిలారు, ఆ నలుగురిలోనూ ఇద్దరు పాస్టరుగారి పిల్లలు.

'పిల్లలు రావట్లేదండీ' అన్న మాట సంఘాల్లో చాన్నాళ్లుగా వినిపిస్తోంది. 2020లో మందిరాల తలుపులు మూతపడినప్పుడు ఆగిపోయిన సండే స్కూలు కొన్నిచోట్ల మళ్లీ మొదలవనేలేదు. తెరిచినచోట పెద్దలు తమకు తోచిన మందు వేస్తున్నారు. ప్రొజెక్టరు కొన్నారు, గోడల మీద రంగుల బొమ్మలు వేయించారు, బిస్కెట్ ప్యాకెట్లు పంచారు. వేసవి సెలవుల్లో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) పేరిట పది రోజులు యాక్షన్ సాంగ్స్, చివరిరోజు జెండాలు పట్టుకుని వీధుల్లో ఊరేగింపు. ఆ పది రోజులూ పిల్లలు విరగబడి వస్తారు. జూన్ రెండో ఆదివారానికి మళ్లీ ఆ నలుగురే. పండగ జరపడం మనకు బాగా తెలుసు. ఏడాదిలో మిగతా ఆదివారాలు ఏం చేయాలన్న దగ్గరే చేతులు ఆడవు.

ఈ బడి ఎందుకు పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అది చెప్పుకోవడానికి మా పత్రికకు ఓ చిన్న సొంత కారణం కూడా ఉంది. సండే స్కూలుకు ఊపిరి పోసినవాడు పాదిరి కాదు, పత్రికాసంపాదకుడు. ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో 'గ్లోస్టర్ జర్నల్' నడిపిన రాబర్ట్ రైక్స్. గుండుసూదుల కార్ఖానాల్లో వారంలో ఆరు రోజులు పనిచేసి, ఏడోనాడు వీధుల్లో కొట్టుకుంటూ తిరిగే పిల్లలను చూసి 1780లో ఒక ఇంటావిడ వంటింట్లో బడి పెట్టించాడు. ఆదివారమే ఎందుకంటే, ఆ పిల్లలకు ఖాళీ ఉన్నది ఆ ఒక్కరోజే. నేర్పింది మొదట అక్షరాలు. ఫీజు లేదు, యూనిఫారం లేదు. ముఖం, చేతులు కడుక్కుని, తల దువ్వుకుని వస్తే చాలన్నాడు. మన కాలువగట్టు మీద నూనె రాసిన తలలు చూస్తే ఆ షరతు ఇప్పటికీ అమల్లో ఉన్నట్టే అనిపిస్తుంది. మూడేళ్ల తరవాత, 1783లో, ఈ సంగతి తన పత్రికలోనే రాశాడు. అక్కణ్నుంచి ఊరూరా పాకింది. ఆదివారం చదువుకోవచ్చు సరే, రాయడం పని కిందికి వస్తుందేమో, విశ్రాంతిదినాన రాయడం నేర్పవచ్చా అని తరవాతి కాలంలో పెద్దలు తగువులాడుకున్నారు కూడా. మతం ఉన్నచోట ఇలాంటి మీమాంస ఉండకపోతే కదా ఆశ్చర్యం!

ఇంకో సంగతి. రైక్స్ తన బడిలో చదువు చెప్పిన ఆడవాళ్లకు ఆదివారానికి ఒక షిల్లింగు చొప్పున ఇచ్చాడు. ఈ మాటకు మళ్లీ వద్దాం.

గోదావరి ముఖద్వారానికి ఈ గాలి 1836 తరవాత తగిలింది. ఇంగ్లండు నుంచి ఆ ఏడాది వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురంలో స్థిరపడ్డారు. సఖినేటిపల్లి రేవులో నిలబడి చూస్తే వశిష్ఠకు అవతలి ఒడ్డు నరసాపురం. గోదావరి డెల్టా మిషన్‌గా పేరుపడిన ఆ పని ఏరు దాటి కోనసీమలోకి వచ్చింది. 1876లో అలహాబాదులో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడేనాటికి ఆదివారపు బడి మన దేశానికి కొత్త కాదు. కాని ఇక్కడి పేటల్లో అది ఇంగ్లండులో కన్నా పెద్ద పనికి వచ్చింది. ఊరి బడి గుమ్మం తొక్కనివ్వని పిల్లలకు తాటాకు పాకే బడి. వారమంతా పలకా బలపం, ఆదివారం బైబిలు. పాఠం చెప్పేదీ ప్రార్థన చేసేదీ ఒక్క ఉపదేశే. క్రీస్తు సంగతి అందులో ఎంత ఉన్నా, మొదట చేతికందింది అ, ఆ. చదువు ఒక పాలేరు కుర్రాడి బతుకును ఎలా తిప్పగలదో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకంగా రాశారు. ఆయన కథ చర్చి కథ కాదు గాని, ఆ ఆకలి మాత్రం ఈ పేటలదే.

తరవాత సర్కారు బడి వచ్చింది. అక్షరం నేర్పే బరువు సండే స్కూలు భుజం మీంచి దిగిపోయింది. ఇంగ్లండులో 1870 విద్యా చట్టం తరవాత జరిగింది కూడా ఇదే. మిగిలింది కథ, పాట, కంఠత వాక్యం, ఏడాది చివర అటెండెన్స్ ప్రైజు. చిన్నప్పుడు సండే స్కూల్లో గెలుచుకున్న స్టీలు గ్లాసును ఇంకా అలమరాలో దాచుకున్న బామ్మలు ఈ సీమలో ఉన్నారు. ఆ గ్లాసులో మంచినీళ్లు కూడా తాగనివ్వరు. అది వాళ్ల పతకం.

ఇప్పుడు కథ ఫోనులో దొరుకుతోంది. పాట యూట్యూబులో ఇంకా హంగుగా వస్తోంది. ప్రైజులకు కార్పొరేట్ స్కూలుతో ఏ చర్చీ పోటీ పడలేదు. ఇక ఆదివారపు బడికి మిగిలిన పనేమిటి?

అది పుట్టిననాటి పనే అనిపిస్తోంది. ఏడో తరగతి చదివే కుర్రాడి చేతిలో తెలుగు బైబిలు పెట్టి ఒక పేరా చదవమనండి. ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెప్పేవాడు ఇక్కడ ఒత్తు దగ్గర ఆగుతాడు, వట్రసుడి దగ్గర తడబడతాడు, 'ఏలయనగా' అన్న మాట చూసి 'ఇదేం భాషండీ' అంటాడు. వాడి తప్పు లేదు. బడిలో తెలుగు వాడికి ఒక సబ్జెక్టు, అదీ మార్కులు వచ్చే మేరకే. ఇంట్లో పుస్తకం లేదు. దినపత్రిక తాతగారితోనే ఆగిపోయింది. (ఈ మాట రాయడానికి మాకేమీ సంతోషంగా లేదు.) ఇలాంటి పిల్లవాడు వారానికొకసారి, పరీక్ష భయం లేకుండా, పదిమంది వినేలా తెలుగు పుస్తకం పైకి చదివే చోటు ఊళ్లో ఇంకేముంది? రెండువందల నలభై ఏళ్ల కిందట సూదుల కార్ఖానా పిల్లలకు లేని అక్షరం, ఇంగ్లీషు మీడియం పిల్లలకు మరో రకంగా లేకుండా పోతోంది. ఆదివారపు బడి దగ్గర ఆ పాత మందు ఇంకా ఉంది. అది గోడ మీద బొమ్మల్లో లేదు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పుస్తకంలో ఉంది.

కీర్తనల పుస్తకం మాట కూడా చెప్పాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు మన బాణీల్లోనే కట్టిన పాటలవి. ఇవి పాడిన తరానికి పేరు తెలియకపోయినా రాగం గొంతులో నిలిచింది. కీబోర్డు వచ్చి, డ్రమ్ము వచ్చి, ఆ పుస్తకాలు చర్చి బీరువాలో చెదలకు వదిలేశారు. పిల్లలకు కొత్త పాటలు వద్దని ఎవరూ అనరు. నెలకొక్క పాత కీర్తన, తాళం వేస్తూ, ఒక ముసలాయన దగ్గర కూర్చుని నేర్చుకుంటే ఆ ముసలాయనకూ ఆదివారం ఒక పని దొరుకుతుంది.

ఈ సీమలో ఆదివారపు బడికి ఇంకో అవసరం ఉంది. బయటివాళ్లకు అది వెంటనే తట్టదు. రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు ఇంటి పనికి కువైటు, దుబాయి, మస్కట్ వెళ్లిన తల్లులు ఎందరో. పిల్లలు అమ్మమ్మ దగ్గరో, మేనత్త దగ్గరో పెరుగుతారు. అమ్మ అంటే ఫోనులో మొహం, రెండేళ్లకోసారి చాక్లెట్ల పెట్టె. ఆ పిల్ల ఆదివారం రాకపోతే 'ఏమైందే, జ్వరమా' అని సాయంత్రం గుమ్మం దాకా వచ్చి అడిగేది సండే స్కూల్ టీచరే. కంఠత వాక్యం అప్పజెబుతుంటే వీడియో తీసి అమ్మకు పంపేదీ ఆమే. కువైటులో ఆ తల్లికి దొరికితే గిరికితే శుక్రవారం సెలవు. కువైటు నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో తెలుగుతో సహా ఎన్నో భాషల సంఘాలు ఆరాధన జరుపుకుంటాయి. వాటికి శుక్రవారమే ఆదివారం. తల్లి ఆదివారం ఒకరోజు, బిడ్డ ఆదివారం ఇంకోరోజు. మధ్యలో ఒక నిమిషం వీడియో. ఈ పని ప్రొజెక్టరు చేయలేదు.

మరి ఆ టీచరు ఎవరు? చాలాచోట్ల డిగ్రీ చదువుతున్న అమ్మాయి. జీతం లేదు, పొగడ్త తక్కువ, క్రిస్మస్ నాటకం బాగా రాకపోతే మాత్రం అందరి చూపూ ఆమె మీదే. రెండేళ్లు కష్టపడి క్లాసు నిలబెట్టేసరికి పెళ్లవుతుంది. ఆమె తణుకో, హైదరాబాదో వెళ్లిపోతుంది. క్లాసూ ఆమెతోనే వెళ్లిపోతుంది. సండే స్కూలు ఎందుకు పడిపోయిందని సంఘపెద్దలు అడుగుతారు గాని, దానికి ఒక్క మనిషే ఎందుకు దూలంగా ఉండాల్సి వచ్చిందని అడగరు. సౌండు సిస్టంకు లక్షలు పోగుచేసే సంఘం ఆ అమ్మాయి ఆటో ఛార్జీలకు నెలకు ఐదువందలు ఎందుకు ఇవ్వదు? రైక్స్ షిల్లింగు గుర్తు చేసుకోవాల్సింది ఇక్కడే. ఇది దేవుని సేవ కదా అంటారు. సేవే. కాని ఆటోవాడు కిరాయి తీసుకోవడం మానలేదు.

ఒక్కరికి బదులు ముగ్గురు ఉంటే ఒకరు వెళ్లినా బడి నిలుస్తుంది. రిటైరైన టీచరుగారు ఒకరు, ఆ డిగ్రీ అమ్మాయి, కథలు చెప్పే మామ్మగారు ఒకరు. పిల్లలతో ఒక్కరే కాక ఇద్దరు పెద్దవాళ్లుండి, తలుపులు తెరిచి ఉంచితే తల్లిదండ్రులకూ ధైర్యం. స్పెషల్ క్లాసుతో పోట్లాడి గెలవలేం. వ్యాను సాయంత్రం నాలుగింటికి దింపుతుందంటే బడిని అయిదింటికి పెట్టుకుంటే సరి. ఉదయం తొమ్మిదింటికే జరగాలని ఏ లేఖనంలోనూ రాసి లేదు. పదమూడేళ్లు దాటిన మగపిల్లలు ముందుగా జారిపోతారు. చిన్నపిల్లల పాటలకు చేతులు ఊపడం వాళ్లకు నామోషీ. వాళ్ల చేతికి చిన్న క్లాసు అప్పగించి చూడండి. రైక్స్ నాటి బళ్లలోనూ పెద్దపిల్లలే చిన్నపిల్లలకు చెప్పారు. వీధికి రెండు మూడు చర్చిలున్న చోట నలుగురేసి పిల్లలతో మూడు బళ్లకు బదులు పన్నెండు మందితో ఒక బడి పెట్టుకోవచ్చు కదా అన్న మాట అనాలని ఉంటుంది. అంటే ఆ మూడు సంఘాలూ మొదటిసారి ఒక్కటై మన మీదికి వస్తాయేమో!

మొన్నామధ్య వైనతేయ ఒడ్డున ఒక చిన్న మందిరంలో, ఇలాగే సాయంత్రానికి మార్చుకున్న బడి ఒకటి కనబడింది. చాప మీద ఆరుగురు పిల్లలు, అరుగు మీద ఇద్దరు మామ్మలు. నాలుగో తరగతి పిల్ల ఇరవై మూడో కీర్తన చదువుతోంది. వేలు అక్షరం అక్షరం మీద పెట్టుకుంటూ ఒక మాట దగ్గర ఆగిపోయింది. 'కృ...' అంది. మళ్లీ 'కృపా...' అంది. తరవాత అక్షరం కొరుకుడు పడలేదు. టీచరు ఊరుకుంది. అరుగు మీది మామ్మల్లో ఒకామె సంతకం రానిది, నెల నెలా పింఛను దగ్గర వేలిముద్ర వేసేది, కళ్లు మూసుకునే ఆ మాట అందించింది: 'కృపాక్షేమములే.' పిల్ల తలెత్తి మామ్మను చూసింది. పుస్తకం పట్టుకుని అరుగు దగ్గరికి వెళ్లి, 'మామ్మా, ఇదిగో, ఇదే క్ష' అని వేలుపెట్టి చూపించింది. మామ్మ కళ్లజోడు కోసం కొంగుముడి తడుముకుంది.